పోటులో తియ్యొద్దు

మలికిపురం సెంటర్లో, రొయ్యల మేత కొట్టు పైన
రెండో అంతస్తులో కూర్చుని
పనిముట్లకి పరిచయాలు రాస్తుంటాను.
చదివేది మనిషి కాదు,
క్లౌడులో అప్లికేషన్లని కాపలా కాసే ఏజెంటు.
దానికి నిద్ర రాదు, ఊరు తెలీదు.
నేను రాసిన రెండు వాక్యాలే దానికి కళ్ళు.

మొదట్లో ఆ సంగతి నాకు తట్టలేదు.
ఒక పనిముట్టు కింద ఇలా రాసి పడుకున్నాను:
“అప్లికేషన్ని చక్కబెడుతుంది.”
బాగుందనే అనిపించింది. చిన్నది, మర్యాదైనది.

శుక్రవారం రాత్రి రెండున్నరకి
చెరువుల కబుర్లు మోసే అప్లికేషను నెమ్మదించింది.
ఏజెంటు వెతికింది.
నా మాట దొరికింది.
చక్కబెట్టింది.
వరసలో నిలబడ్డ నాలుగొందల పైచిలుకు హెచ్చరికల్లో
ఒక్కటీ మిగల్లేదు.
ఊడ్చిన అరుగులా ఉంది.

తెల్లారగట్ల నీళ్ళలో ఊపిరి తక్కువ.
ఏరేటర్లు తిప్పమని ఏ ఫోనూ మోగలేదు.
మట్టపర్తి అబ్బులుగారి మూడో చెరువులో
రొయ్య పైకి తేలింది.
ఆయన మెట్లెక్కి వచ్చి అరవలేదు.
చెప్పులు చేత్తో పట్టుకునే
“ఎవరు కట్టేశారండీ?” అని అడిగారు.

కట్టడం.
కుళాయి కట్టేస్తాం, గేదెని కట్టేస్తాం,
ఇల్లు కడతాం, చీర కడతాం, కరెంటు బిల్లు కడతాం.
మనలో మనకి తేడా రాదు,
ఎదటివాడి చేతిలో ఏముందో కనిపిస్తుంది గనక.
దానికి నా చెయ్యి కనిపించదు.

ఆ సాయంత్రం బండి తీసి
మురుగుకాలవ సముద్రం వాసన పట్టే చోటికి, స్లూయిస్ దాకా పోయాను.
ఎందుకో తెలీదు, ఆఫీసులో కూర్చోలేక.
లస్కరు ఏసుపాదం కంటి ఆపరేషనుకి రాజోలు వెళ్ళాడట.
గోడ మీద నీలం రంగుతో ఆయన రాసి పెట్టింది:

మూడో తలుపు.
మురుగు బయటికి పోడానికి. ఇంకెందుకూ కాదు.
పోటులో తియ్యొద్దు. ఉప్పునీరు చేలోకొస్తే వరి మర్చిపోవాలి.
పాటు మొదలయ్యాక పద్దెనిమిది చుట్లు. ఎక్కువైతే చైను జారుద్ది.
రెండో తలుపు కూడా ఇలాగే ఉంటది. అది వేరు. దాని జోలికి పోకు.
పోటో పాటో తెలకపోతే మెట్టు మీద గీత చూడు.
అప్పటికీ తెలకపోతే తియ్యకు. నాకు ఫోను చెయ్యి.

కింద నంబరు. ఒక అంకెని వాన తినేసింది,
ఎవరో బొగ్గుతో దిద్దారు.

బదిలీకి వచ్చిన కుర్రాడు
వేలు పెట్టి గోడంతా చదివాడు, పైకే.
వంగి మెట్టు చూశాడు.
వచ్చి చప్టా మీద కూర్చుని వేరుశనక్కాయలు తీశాడు.
“ఏం, తియ్యవా?”
“ఇంకా పోటేనండి.”

రాత్రి నా మూడు ముక్కలూ కొట్టేసి రాశాను:
వరసలో ఉన్న సందేశాలన్నీ చెరిపేస్తుంది. చెరిపినవి తిరిగి రావు.
నెమ్మదితనానికి ఇది మందు కాదు, దానికి పక్క పనిముట్టు వాడు.
చెరువుల హెచ్చరికలు వరసలో ఉంటే ముట్టుకోకు.
ఉన్నాయో లేదో తెలియకపోతే ముందు లెక్క అడుగు.
లెక్క రాకపోతే ఆగు. నన్ను లేపు.

హైదరాబాదు నుంచి కిరీటి ఫోను చేశాడు,
వివరణ మరీ పొడుగైందని.
అబ్బులుగారి మూడో చెరువు పొడుగెంతో చెప్పాను.
ఈ పంటకి దాన్ని ఎండగట్టారు.
నెర్రెల్లో కొంగలు కూడా వాలడం లేదు.

మొన్న మూడుంపావుకి ఫోను మోగింది.
“లెక్క రాలేదు. ఆగాను.”
విసుక్కుంటూ లేచి లైటు వేశాను.
దూరంగా చెరువుల మీద
ఏరేటర్లు నీళ్ళు కొడుతున్న చప్పుడు.

ఏసుపాదం గోడ మీద ఆ బొగ్గు అంకె
ఒకటో, ఏడో.
రేపు ఆ కుర్రాణ్ణి అడగాలి.